తండ్రి ఇచ్చిన చేను, కొడుకు కొనే యంత్రం



తండ్రి పోయిన తరువాత మూడెకరాల చేను చేతికి వచ్చిన యువకులు మన విచారణలలో తరచుగా కనిపిస్తున్నారు. కొందరు పట్నంలో ఉద్యోగం మానుకొని మరీ వస్తున్నారు. వారు ముందుగా అడిగేది ఒక్కటే: "ఫాదర్, ట్రాక్టర్ కొనమంటారా?" ఇది షోరూములో అడగవలసిన ప్రశ్న గాని గురువును అడగవలసినది కాదని మీకు తోచవచ్చు. నాకు అలా తోచదు. పనిముట్టును ఎంచుకునేటప్పుడు హార్స్ పవర్ ఎంత, డీజిల్ ఎంత అనే లెక్కలు వేస్తాము. మనం ఎవరికి ఏమి బాకీ ఉన్నామన్న లెక్క కూడా అందులోనే ఉన్నది.

మొదటి బాకీ ఇంట్లోనే. అసలు ఆ చేను ఎవరిది? తండ్రి వీలునామా రాయకుండా మరణిస్తే, 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవ కుటుంబంలో తల్లికి మూడవ వంతు పోగా, మిగిలినది కొడుకులకూ కూతుళ్ళకూ సమానం. "కట్నం ఇచ్చి పంపాము గదా" అనే మాట ఆ చట్టంలో ఎక్కడా లేదు. చెల్లెలికి మాటమాత్రం చెప్పకుండా ఆ భూమి మీద అప్పు తెచ్చి ట్రాక్టర్ కొన్నవాడు తనది కాని సొత్తును తాకట్టు పెట్టినట్లే.

ఇక అప్పు సంగతి. మూడెకరాల దుక్కి ట్రాక్టరుకు ఒక్కరోజు పని. దుక్కులు, దమ్ము, ధాన్యం తోలకం అన్నీ కలిపినా ఏడాదిలో దానికి సొంత చేలో పట్టుమని పక్షం రోజుల పని ఉండదు. మిగతా రోజులు కిరాయికి తిప్పాలి. ఊళ్ళో అప్పటికే నాలుగు ట్రాక్టర్లు కిరాయి కోసం ఎదురుచూస్తుంటాయి. వాన రాలేదని వాయిదా ఆగదు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో ఒక ఆజ్ఞ ఉన్నది: అప్పిచ్చినవాడు తిరుగలి రాళ్ళను తాకట్టుగా తీసుకోరాదు, అది ఆ మనిషి ప్రాణాన్నే తీసుకోవడం అని. ఈనాడు మనం తిరగబడ్డాము. తిరుగలి కోసం చేనునే తాకట్టు పెడుతున్నాము!

అయితే అద్దెకు తెచ్చుకుంటే సరిపోతుందా? గంటకింత అని ఇచ్చే పొరుగు రైతులున్నారు. కేంద్ర ప్రభుత్వ యాంత్రీకరణ పథకం కింద 2014-15 నుండి అద్దె యంత్రాల కేంద్రాలకు కూడా సాయం అందుతున్నది. కాని వాన పడ్డ మర్నాడు ఊరందరికీ ఒకే ట్రాక్టర్ కావాలి. మన వంతు వచ్చేసరికి పదును ఆరిపోతుంది. అందుకే పెద్ద యంత్రం అద్దెకు, గుంటక, గొర్రు, స్ప్రేయరు వంటివి సొంతానికి అన్నది నా అభిప్రాయం. ఎద్దులను మేపే ఓపిక, గడ్డి ఉన్న ఇంట్లో అరక ఇప్పటికీ దండుగ కాదు. ఎరువు అదనం.

పునీత తోమాసు అక్వినాసు వివేకమనే సుగుణంలో మూడు మెట్లు చెప్పారు: ఆలోచించుట, నిర్ణయించుట, ఆచరణలో పెట్టుట. మూడవదే ముఖ్యమన్నారు. వివేకమంటే వెనుకాడడమని మనలో చాలామంది అనుకుంటారు. కాదు. అదను దాటేదాకా ఆలోచిస్తూ కూర్చున్నవాడు కూడా వివేకి కాడు.

నేలకూ మనం బాకీయే. ఏటేటా రోటవేటరును ఒకే లోతులో తిప్పితే పై మట్టి పిండిలా అందంగానే కనిపిస్తుంది. కింద మాత్రం గట్టి పొర కడుతుంది. నీరు ఇంకదు, వేరు దిగదు. ఆ చేను మన బిడ్డలకు కూడా కావాలి గదా.

అన్నింటికంటె కష్టమైన లెక్క కూలీలది. రెండవ జాన్ పాల్ పోపుగారు 1981లో శ్రమను గురించి వెలువరించిన విశ్వలేఖలో, యంత్రం మనిషికి మిత్రుడేనని, అయితే మనిషిని పక్కకు నెట్టినప్పుడు అదే శత్రువు కాగలదని హెచ్చరించారు. వరికోత యంత్రం వచ్చాక కొడవలి పట్టే స్త్రీలకు ఆ పది రోజుల కూలి పోయింది. రూతమ్మ వలె వెనుక పరిగె ఏరుకునే ముసలమ్మకు అక్కడ చోటు లేదు. అలాగని నడుము వంచి బురదలో రోజంతా కలుపు తీయించడం పుణ్యమని నేను చెప్పను. ఆ నొప్పి పడనివారే ఆ మాట చెప్పగలరు.

ఇక్కడ ఒక యేసు సభ గురువు గుర్తుకు వస్తారు. ఫాదర్ హెన్రీ ద లోలానియె ఫ్రాన్సు నుండి మడగాస్కరు వెళ్ళి, 1980లలో పేద రైతులతో కలిసి ఒక వరిసాగు పద్ధతిని రూపొందించారు. 2003లో అది 'శ్రీ' వరి పేరుతో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. అందులో ముఖ్యమైన పనిముట్టు, సాళ్ళ మధ్య నిలబడి చేత్తో నెట్టే వీడరు. అది కలుపును బురదలోకి తొక్కుతుంది, వేళ్ళకు గాలి ఇస్తుంది, మనిషి నడుము నిలుపుతుంది. దానికి డీజిల్ అక్కరలేదు. కాని సాలుకూ సాలుకూ సుమారు 25 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. చేలో పలుచగా నీరుండాలి. ఒత్తుగా నాటిన మడిలో అది కదలదు.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. కొన్నిచోట్ల ఆ వీడరు ఆడవాళ్ళకు బరువనిపించి, పని మగవాళ్ళ చేతికి పోయింది. పనితోపాటు కూలీ కూడా పోయింది. కనుక కొనే ముందు, ఏటా మీ చేలో కలుపు తీసే స్త్రీలలో ఒకరిచేత ఒక సాలు నెట్టించి చూడండి. పిడి ఎంత ఎత్తున ఉండాలో అమ్మేవాడికంటె ఆమె బాగా చెబుతుంది.