ఇంట్లో పల్లకీ మోత

127.0.0.1 మీద నాకున్న మమకారం ఇంకే చిరునామా మీదా లేదు. ఏ కంప్యూటర్‌లో కొట్టినా ఆ అంకెలు ఆ కంప్యూటర్‌నే చూపిస్తాయి. లోకల్‌హోస్ట్ అన్నా అదే. అడిగేది నా బ్రౌజరు, జవాబిచ్చేది నా అపాచీ సర్వర్. ఇంటర్నెట్ పోయినా పని ఆగదు. కొత్త లాప్‌టాప్ చేతికి రాగానే ముందు అందులో సర్వర్ పెట్టుకుంటాను. అవసరం కొంత, అలవాటు కొంత. మిగిలినది ఏమిటో ఇప్పుడు తవ్వుకుంటున్నాను.

పెట్టడం కష్టమేమీ కాదు. జాంప్ అనే ప్యాకేజీ దించుకుంటే అపాచీ, మరియాడీబీ, పీహెచ్‌పీ, పెర్ల్ ఒకే మూటలో వస్తాయి. స్టార్ట్ నొక్కితే అపాచీ పేరు వెనక పచ్చరంగు పడుతుంది. 80వ పోర్టును వేరే ప్రోగ్రామ్ పట్టుకుని ఉంటే పడదు; సెట్టింగుల ఫైలులో 8080 అని మార్చుకోవాలి. ఆ పైన మన ఫైళ్లు హెచ్‌టీడాక్స్ ఫోల్డర్‌లో వేసుకోవడమే. ఫైలు మీద నేరుగా రెండుసార్లు నొక్కితే మాత్రం లాభం లేదు. బ్రౌజరుకు పీహెచ్‌పీ అర్థం కాదు. సర్వర్ ఆ కోడ్‌ను నడిపించి, తయారైన హెచ్‌టీఎంఎల్‌ను పంపితేనే దానికి తెలుస్తుంది.

రాస్మస్ లెర్డార్ఫ్ 1994లో పీహెచ్‌పీకి తొలి రూపం రాసుకున్నది నెట్‌లో పెట్టిన తన రెజ్యూమేను ఎంతమంది చూస్తున్నారో తెలుసుకోవడానికి. ఎవరొచ్చారో చూసుకోవాలన్న ఆశతో పుట్టిన దాన్ని నేను ఎవరూ రాని చోట నడుపుతున్నాను. ఇది తలుచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది, వెంటనే కాస్త చురుక్కుమంటుంది కూడా.

మా ఊరి గ్రంథాలయంలోని పుస్తకాల జాబితా నా హెచ్‌టీడాక్స్‌లో ఉంది. పొడుగు పేర్లను కుదించి చూపబోతే చివర పిచ్చి గుర్తులొచ్చాయి. ఎందుకని తవ్వాను. 'తెలుగు' అన్న మాట పొడవెంతని పీహెచ్‌పీని అడిగితే స్ట్రెలెన్ అనే ఫంక్షన్ 18 అంటుంది. యూటీఎఫ్-8లో మన ప్రతి గుర్తుకూ మూడు బైట్లు. ఎంబీ స్ట్రెలెన్ 6 అంటుంది; అది త, ఎత్వం, ల, కొమ్ము అంటూ విడివిడిగా లెక్కపెడుతుంది. మన కంటికి కనిపించే మూడు అక్షరాలను మూడుగానే చెప్పేది గ్రాఫీమ్ స్ట్రెలెన్ ఒక్కటే. అది కావాలంటే ఇంటల్ అనే ఎక్స్‌టెన్షన్ ఉండాలి. ఒకే మాటకు మూడు జవాబులు! ఇలాంటి పిచ్చి ప్రశ్నలు నలుగురిలో అడిగే ధైర్యం నాకు లేదు. నాలుగు గోడల మధ్య కాబట్టే అడిగాను, నేర్చుకున్నాను. ఆ మేలు కాదనను.

కానీ అదే చాటు నన్ను గారాబం చేసింది. జాంప్‌లో డేటాబేసు రూట్ ఖాతాకు పాస్‌వర్డ్ ఉండదు. తప్పు జరిగితే ఫైలు దారితో సహా తెర మీదే చూపిస్తుంది. విండోస్‌లో ఫైలు పేరు పెద్దక్షరాలతో రాసినా చిన్నక్షరాలతో రాసినా ఒకటే. లినక్స్ సర్వర్‌లో కాదు. సెర్చ్ పెట్టెలో ఎవరైనా దొంగ ఎస్‌క్యూఎల్ టైపు చేస్తారన్న భయం లేదు, టైపు చేసేది నేనే కదా. ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీ మోత అంటారు. నాది తిరగబడింది: ఇంట్లోనే పల్లకీ ఊరేగుతోంది.

"ఇంకా కొంచెం మెరుగు పెట్టాలి" అని నాకు నేను చెప్పుకునే మాటను ఈమధ్య నమ్మడం మానేశాను. జాబితా ఎప్పుడో పనికొచ్చే స్థితికి వచ్చింది. తయారు కానిది నేను. ఒకరు చూసి "ఇదేంటండీ, ఇలా ఉంది?" అంటారేమోనన్న జంకుకు ఓపిక అని ముద్దుపేరు పెట్టుకున్నాను, అంతే.

మీ హెచ్‌టీడాక్స్‌లోనూ ఇలాంటి ఫోల్డర్ ఉంటే ఒక పని చేయండి. రూట్‌కు పాస్‌వర్డ్ పెట్టండి, దొంగ ఎస్‌క్యూఎల్ చొరబడకుండా ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు వాడండి, ఫైర్‌వాల్‌లో అపాచీకి అనుమతివ్వండి. అదే వైఫైలో ఉన్న ఇంకొకరి ఫోన్‌లో మీ కంప్యూటర్ ఐపీ అడ్రసు కొట్టించండి. వాళ్లు వాడుతున్నంతసేపూ పక్కన నిలబడి వివరించకండి. నేను మా లైబ్రేరియన్ గారి ఫోన్‌తో మొదలుపెడుతున్నాను.