గట్టు మీద వాన

శ్రావణంలో ఒకసారి బెజవాడ నుంచి ఏలూరు కాలవ గట్టు పట్టుకుని సైకిలు మీద ఏలూరు బయల్దేరాను. దూరం అరవై కిలోమీటర్ల చిల్లర. గన్నవరం దాకా కూడా పోలేదు, వాన పట్టుకుంది.

రేగడి గట్టు మీద వానంటే తడవడం ఒక్కటే కాదు. బంకమట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య కూరుకుపోయి చక్రం తిరగనే తిరగదు. పుల్లతో గీకుతూ, నాలుగడుగులు నెడుతూ, మళ్లీ గీకుతూ పోవాలి. బర్రెలు తోలుకొస్తున్న తాత ఒకాయన చూసి, "అబ్బాయ్, సైకిలు నిన్ను మోస్తుందా, నువ్వే దాన్ని మోస్తున్నావా?" అన్నాడు. అప్పటికి నేనే మోస్తున్నాను మరి.

ఈ గట్టుకు బరువులు కొత్త కాదు. బెజవాడ దగ్గర కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తయ్యాక దాని కాలవలు పొలాలకు నీళ్లిచ్చాయి, పడవలకు దారీ ఇచ్చాయి. ఏలూరు దగ్గర గోదావరి కాలవను కలిసేది ఈ ఏలూరు కాలవే. గాలివాటం లేనప్పుడు పడవను తాడు కట్టి లాగేవారు. లాగేవాళ్లు నడిచింది గట్టు మీదే. వాళ్లకు వాన సెలవు ఇచ్చి ఉండదు. బియ్యం బస్తాల బరువు, భుజానికి తాడు, కాళ్లకింద ఇదే జారుడు రేగడి.

"రోడ్డెక్కు నాయనా, టీకొట్టుంది," అన్నాడు తాత. ఎక్కాను. గ్లాసు చేతిలోకొచ్చేసరికి వాన వెలిసింది.