మాలిన్యమునకు యజమాని

పాలను తోడుపెట్టుట మన యిండ్లలో ఎన్ని తరములనుండి సాగుచున్నదో చెప్పజాలము. నిన్నటి పెరుగులో ఒక చెంచాడు తీసి గోరువెచ్చని పాలలో కలుపుదురు. తెల్లవారునప్పటికి పాలు పెరుగగును. ఇంటిలో తోడు లేనినాడు పొరుగింటినుండి తెచ్చుకొందురు. హిందీవారు దీనిని ‘జామన్’ అందురు. గట్టిపడజేయునది అని దాని భావము. మన మాటలో అది ‘తోడు’. రెండు భాషల నడుమ తిరుగు నావంటివానికి ఈ మాట హిందీలోనికి పోదని తెలియును. పోకపోవుటయే దాని అందము. కమ్మని పెరుగునిచ్చు తోడును నిలుపుకొనుట, పులిసినదానిని విడుచుట, ఇదియు సూక్ష్మజీవుల ఎంపికయే. ఈ తోడు నాదని ఏ ఇల్లాలును వ్యాజ్యమాడలేదు.

వ్యాజ్యమునకు బీజము 1972లో పడెను. బెంగాలులోని సైంథియాలో పుట్టిన ఆనందమోహన్ చక్రవర్తి (1938–2020) అప్పుడు అమెరికాలోని జనరల్ ఎలెక్ట్రిక్ సంస్థలో పనిచేయుచుండెను. ముడిచమురు ఒకే పదార్థము కాదు, అనేక హైడ్రోకార్బనుల కలయిక. సూడోమోనాస్ జాతి బాక్టీరియాలో ఒకటి ఒకదానిని తినగా, వేరొకటి వేరొకదానిని తినును. ఆ జీర్ణశక్తికి మూలమైన జన్యువులు పెక్కుమారులు ప్లాస్మిడ్లను చిన్న వలయములలో ఉండును. ఆ వలయములు ఒక కణమునుండి మరియొక కణమునకు పోగలవు. కర్పూరమును, ఆక్టేనును, సాలిసిలేటును, నాఫ్తలీనును విచ్ఛిన్నము చేయు నాలుగు ప్లాస్మిడ్లను చక్రవర్తి ఒకే బాక్టీరియాలో చేర్చి నిలిపెను. దానిని తయారుచేయు విధానమునకు పేటెంటు ఇచ్చుటకు అధికారులు ఒప్పుకొనిరి. ఆ జీవికి మాత్రము ఒప్పుకొనలేదు. 1980 జూన్ 16వ తేదీన అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పు చెప్పెను. వస్తువు సజీవమా నిర్జీవమా అనునది ప్రశ్న కాదనియు, అది ప్రకృతి చేసినదా మనుష్యుడు చేసినదా అనునదే ప్రశ్న యనియు పెద్దపక్షము భావించెను. మరుసటి యేడు పేటెంటు చేతికి వచ్చెను. విచిత్రమేమనగా, ఆ బాక్టీరియాను సముద్రముపై ఏనాడును చల్లలేదు.

ఈ తీర్పును గూర్చి ధర్మవేత్తలు చాల వ్రాసిరి. ప్రాణమునకు పట్టా యుండవచ్చునా? మన పార్లమెంటు 1970 నాటి పేటెంటు చట్టమును 2002లో సవరించి, వృక్షములకును జంతువులకును పేటెంటు లేదనుచు, సూక్ష్మజీవులను ఆ నిషేధమునుండి మినహాయించెను. ప్రకృతిలో దొరకినదానిని దొరకినట్లే తెచ్చినవానికి మాత్రము హక్కు లేదు. న్యాయవాదికి ఇది చాలును. నాకు మాత్రము ఆ వాదమంతయు ప్రశ్నలో సగమును విడిచినట్లు తోచును. చమురు తిను జీవి ఎవరిదో తేల్చుటకు ఎనిమిదేండ్లు వాదించిన నాగరికత, అది తినవలసిన చమురు ఎవరిదని అంత పట్టుదలతో అడిగెనా?

‘యజమాని’ అను మాటకు మూలము యజ్ఞశాలలో ఉన్నది. ఋత్విజులు దక్షిణ గైకొని కర్మ నడపుదురు. ఫలము యజమానునిదే యని మీమాంసకుల మతము. పని పరులకు అప్పగించినంత మాత్రమున ఫలము చేయి మారదు. ఫలము మారనప్పుడు దోషము మాత్రము ఎట్లు మారును? ఈ న్యాయమును మనము పుణ్యము విషయమున ఒప్పుకొంటిమి, మురికి విషయమున ఒప్పుకొనలేదు. ఊరి మలమును ఎత్తు పనిని కొన్ని కులముల నెత్తిన పెట్టి, ఎత్తినవానిని అశుచియనియు, విడిచినవానిని శుచియనియు నిర్ణయించితిమి. 1993లో ఒక చట్టము, 2013లో మరియొక చట్టము వచ్చినను, మురుగుగుంటలలో దిగి మరణించినవారి వార్తలు నేటికిని పత్రికలలో కనబడుచునే యున్నవి.

కావుననే, ఈ పనిని సూక్ష్మజీవికి అప్పగింతమనువారిని నేను తేలికగా త్రోసిపుచ్చజాలను. మన రైలుపెట్టెల మరుగుదొడ్లు తరతరములుగా పట్టాలపైకే తెరచియుండెడివి. ఆ పట్టాలను కడిగినది మనుష్యులు. రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థవారి పద్ధతిలో పెట్టె క్రింది తొట్టియందు ప్రాణవాయువు అక్కరలేని బాక్టీరియా మలమును నీరుగను, మీథేను మొదలగు వాయువులుగను మార్చును. ఇంతకంటె దయగల విజ్ఞానమేది? అయినను కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2017 నాటి నివేదికలో ఈ దొడ్లు పూడుకొనిపోవుటను ఎత్తిచూపెను. ప్రయాణికుడు నీళ్ల సీసాను, గుడ్డను, గుట్కా పొట్లమును అందులో వేయును. బాక్టీరియాకు వానితో పనిలేదు. పూడిక తీయుటకు మరల మనుష్యుడే రావలయును.

చమురు విషయమున నాలుగు ప్లాస్మిడ్ల జీవి రాకున్నను పని కొంత జరుగును. 1989 మార్చిలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ అలాస్కాలో దిబ్బకు తగిలి చమురు పారినప్పుడు, తీరపు గులకరాళ్లపై నత్రజనియు భాస్వరమును గల ఎరువులు చల్లిరి. అచ్చట అదివరకే యున్న బాక్టీరియా ఆ బలముతో చమురును తినెను. మన దేశమున టెరీ సంస్థవారు తగిన బాక్టీరియాను ఏరి, కూర్చి, మొక్కజొన్న కండెల పొడిలో నిలువచేసి, ‘ఆయిల్‌జాపర్’ అను పేర చమురుశుద్ధి కర్మాగారముల మడ్డిపై ప్రయోగించిరి. ఇది మంత్రము కాదు, సేద్యమువంటిది: నేలను కలియదున్నవలెను, తడుపవలెను, ఎరువు వేయవలెను, నెలలు వేచియుండవలెను. సీసము, పాదరసము, క్రోమియము వంటి మూలకములనైతే ఏ జీవియు జీర్ణించుకొనజాలదు. రూపము మార్చును, అంతే.

తినజాలనిదానిని తినుమని పెట్టినప్పుడు ఆ జీవి ఏమగునో తెలిసికొనుటకు అలాస్కా పోనక్కరలేదు. హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరులో సుమారు తొంబది మందుల కర్మాగారముల వ్యర్థజలము ఒక ఉమ్మడి శుద్ధికేంద్రమునకు వచ్చుచుండెను. శుద్ధిచేసి విడిచిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని స్వీడను దేశపు పరిశోధకులు 2007లో ప్రకటించిరి. ఆ మందును మ్రింగిన రోగి రక్తములో ఉండుదానికంటె అది హెచ్చు. బాక్టీరియా చక్కగా పనిచేయవలెనని ఆ కేంద్రములో మానవుల మురుగునీటిని కూడ కలుపుచుండిరి. అనగా, మన ప్రేవులలో నివసించు జీవులను తెచ్చి, వానిని చంపుటకు చేసిన మందులోనే పనికి పెట్టితిమి. చావగా మిగిలినవి చావకుండుట నేర్చినవే. దిగువ నదీగర్భపు మట్టిలో ఔషధ నిరోధక జన్యువులు విరివిగా నున్నట్లు 2011లో వెల్లడియయ్యెను. చక్రవర్తికి సాయపడిన ఆ సంచార వలయములే ఇచ్చటను ఆ విద్యను కణమునుండి కణమునకు మోయుచున్నవి. ఈ వంగడమునకు పేటెంటు కోరినవాడు లేడు.

రాజస్థానములో ఉదయపూరు చెంత బిఛ్రీ యను గ్రామము కలదు. 1980ల చివర అచ్చట ఒక కర్మాగారము రంగుల తయారీకి పనికివచ్చు ‘హెచ్ ఆమ్లము’ను చేసెను. అది నాఫ్తలీను వంశమునకు చెందినదే గాని, గంధకామ్లపు ముద్రలు రెండు తగిలించుకొనినందున సూక్ష్మజీవులకు సులభముగా లొంగదు. ఆ తయారీ సాగినది కొద్ది నెలలే. మిగిల్చిన విషపు మడ్డి సుమారు 2,400 టన్నులు. వానకు అది నేలలోనికి ఇంకెను, బావులలో నీరు రంగు మారెను, పశువులకును పైరునకును కూడ పనికిరాకపోయెను. 1996 ఫిబ్రవరిలో మన సుప్రీంకోర్టు, మాలిన్యము చేసినవాడే దానిని పోగొట్టు వ్యయమును భరింపవలెనని తీర్పు చెప్పెను. అటుపిమ్మట పదునైదు సంవత్సరములు ఆ సంస్థ దరఖాస్తుపై దరఖాస్తు పెట్టుచు, కట్టవలసినదానిని కట్టక కాలము గడపెను. 2011 జూలైలో కోర్టు, 37 కోట్ల 38 లక్షల రూపాయలకు పైబడిన ఆ మొత్తమును సాలుకు నూటికి పండ్రెండు చొప్పున చక్రవడ్డీతో చెల్లింపుమని మరల ఆజ్ఞాపింపవలసి వచ్చెను. ఆ పదునైదు సంవత్సరములును బిఛ్రీ బావుల నీరు ఎవరి పేరను లేదు.