ఒక్క సీజన్ ఆడి వెళ్ళిపోయినవాడు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో లైన్‌బాకర్ అంటే ఎవరని అడిగితే నేను చెప్పే జవాబు ఒకటే: ఎదురొచ్చేవాణ్ణి గుద్ది పడేసేవాడు. అవతలి జట్టు ఎత్తుగడ పసిగట్టడం, పాస్‌కి అడ్డుపడటం లాంటివి కూడా ఉంటాయనుకోండి. కానీ జీతం ప్రధానంగా గుద్దినందుకే. క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్ళకి ఇది ఎక్కడానికి కొంచెం టైం పడుతుంది. 2014 నవంబర్‌లో బంతి తగిలి ఫిల్ హ్యూస్ చనిపోతే అందరం ప్రమాదం అన్నాం. లైన్‌బాకర్ తలకి తగిలే దెబ్బని అలా అనలేం. అది అతని ఉద్యోగంలో భాగం.

అదే నవంబర్‌లో క్రిస్ బోర్లండ్ అనే కొత్త కుర్రాడు శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ తరఫున దుమ్ము దులుపుతున్నాడు. విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఆడి, ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో మూడో రౌండ్లో ఎంపికయ్యాడు. సీనియర్ పేట్రిక్ విల్లిస్ గాయపడటంతో చోటు దొరికింది. మొదటి సీజన్‌లోనే వందకు పైగా టాకిల్స్. 2015 మార్చిలో, 24 ఏళ్ళ వయసులో, ఇక ఆడనన్నాడు. ఆరు లక్షల డాలర్ల పైచిలుకు సైనింగ్ బోనస్‌లో నాలుగింట మూడొంతులు వెనక్కి ఇచ్చేశాడు. చిత్రమేమిటంటే, అప్పటికి అతనికి ఏ జబ్బూ లేదు.

ట్రైనింగ్ క్యాంపులో ఒకసారి తలకి దెబ్బ తగిలి దిమ్మెక్కిపోయింది. కంకషనే అయ్యుంటుందని అతనికే అనిపించింది. అయినా ఆడుతూనే ఉన్నాడు. జట్టులో చోటు ఖాయం చేసుకోవాలిగా! ఆ తర్వాతే పరిశోధకులతో, పాత ఆటగాళ్ళతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

వాళ్ళ దగ్గర తెలిసేది ఏమిటి? జూనియర్ సియావ్ అనే మహా లైన్‌బాకర్ 20 సీజన్లు ఆడి, 2012 మేలో, 43 ఏళ్ళకి, గుండెలో తుపాకీతో కాల్చుకున్నాడు. తర్వాత మెదడు పరీక్షిస్తే సీటీఈ అని తేలింది. కంకషన్ స్థాయికి రాని చిన్న చిన్న దెబ్బలు కూడా ఏళ్ళ తరబడి పోగుపడితే వచ్చే మెదడు జబ్బు. అలా దెబ్బలు తిన్న అందరికీ రాదు. వచ్చిందో లేదో కచ్చితంగా తేల్చాలంటే మనిషి పోయాక మెదడు కోసి చూడాల్సిందే.

అంటే బోర్లండ్ చేసింది సరైన పనేనని ఎప్పటికీ రుజువు కాదు. 70 ఏళ్ళు హాయిగా బతికినా, ఆడి ఉన్నా అలాగే బతికేవాడేమో అనొచ్చు. ఫలితం చూసి మెచ్చుకోవడం అలవాటైన మనకి ఇలాంటి నిర్ణయాన్ని ఏ తక్కెడలో వెయ్యాలో తెలీదు.

“అన్నీ తెలిసే ఆడుతున్నారు, కోట్లు తీసుకుంటున్నారు, మధ్యలో మనకేం నొప్పి?” అనే వాదన ఒకటుంది. నేనూ చాలాసార్లు వాడాను. కానీ ఈ “తెలిసే” అన్న మాట దగ్గర ఆగాలి. సియావ్ తరానికి అసలు చెప్పలేదని, తెలిసీ దాచారనీ లీగ్ మీద వేలమంది పాత ఆటగాళ్ళు కేసు వేశారు. ఇక బోర్లండ్‌కి మొదటి కంకషన్ ఎనిమిదో తరగతిలో, అదీ సాకర్ ఆడుతుంటే. రెండోది హైస్కూల్లో. ఆ వయసు పిల్లాడి ఒప్పుకోలుకి విలువెంత? పెద్దయ్యాక, అన్నీ చదవగలిగిన వయసులో కూడా, క్యాంపులో దిమ్మెక్కిన రోజున నోరు మెదపలేదే! తెలియడం ఒకటి, తెలిసినదాన్ని బయటికి అనగలగడం ఒకటి. చోటు పోతుందన్న భయం ఉన్నచోట రెండోది జరగదు.

అతను ధైర్యవంతుడని రాసినవాళ్ళని చదివినప్పుడల్లా నాకు కాస్త ఇబ్బందిగా ఉంటుంది. చేతిలో చరిత్ర డిగ్రీ ఉంది, వేరే దారి ఉంది. ఇంటిల్లిపాదీ ఆ ఒక్క ఆట మీదే ఆధారపడ్డవాడు ఆడుతూ పోతే అతన్ని పిరికివాడనాలా? పైగా వెళ్ళిపోయినవాణ్ణి పొగిడితే, ఉండిపోయినవాళ్ళని చూడటానికి మనకి అనుమతి దొరికినట్టవుతుంది.

2016 నవంబర్‌లో లూక్ కీక్లీ అనే మరో లైన్‌బాకర్ తల అదిరి, మైదానంలోనే వెక్కి వెక్కి ఏడ్చాడు. బండిలో ఎక్కించి తీసుకెళ్ళారు. ఆ వీడియో చూసి ఈ ఆట ఇక చూడనని ఇంట్లో ప్రకటించాను. కీక్లీ ఇంకో మూడు సీజన్లు ఆడి, 28 ఏళ్ళకి మానేశాడు. నేను మాత్రం ఆ ఫిబ్రవరిలోనే స్నేహితుడి ఇంట్లో సూపర్ బౌల్ ముందు కూర్చున్నాను. మంచి టాకిల్ పడితే అందరితోపాటు అరిచాను. స్లో మోషన్‌లో మళ్ళీ వేస్తే, పళ్ళెం పక్కన పెట్టి మరీ చూశాను.