మాట్లాడుతూనే వినడం

హామ్ రేడియో రిపీటర్ 145.000 మెగాహెర్ట్జ్ మీద విన్నదాన్ని అదే క్షణంలో 145.600 మీద తిరిగి పలుకుతుంది. చేతిలో పట్టుకునే వాకీటాకీ ఆ పని చేయలేదు. దాని మీట నొక్కితే మాట, వదిలితే వినికిడి. రిపీటర్‌కు రెండూ ఒకేసారి కావాలి, అదీ చాలాచోట్ల ఒకే యాంటెన్నా మీద. అందుకోసం మధ్యలో ఫిల్టర్లుగా పెట్టే కేవిటీల వరసే డూప్లెక్సర్. నోరూ చెవీ ఒకేసారి పనిచేయగలవా అన్న ప్రశ్న మాత్రం రేడియో కంటే చాలా పాతది.

కుదరదంటుంది న్యాయదర్శనం. రెండు జ్ఞానాలు ఒకేసారి పుట్టకపోవడమే మనస్సు ఉందనడానికి గుర్తని గౌతముడి సూత్రం. మనస్సు అణువంతది, ఒక క్షణంలో ఒక ఇంద్రియంతోనే కలుస్తుంది. నూరు తామర రేకులను దొంతరగా పేర్చి సూదితో గుచ్చితే అన్నీ ఒక్కసారే తూట్లు పడినట్టు ఉంటుంది కానీ, నిజానికి పడేవి ఒకదాని తర్వాత ఒకటి. ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారిక ఇంత పట్టుదలగా లేదు. ఎదుట ఉన్న వస్తువు విషయంలో ఇంద్రియం, మనస్సు, అహంకారం, బుద్ధి ఒకేసారి పనిచేయవచ్చు, వరసగానూ పనిచేయవచ్చు అంటుంది. కౌషీతకి ఉపనిషత్తు చూసిన చోటు వేరు. మాట్లాడుతున్నంతసేపు మనిషి ఊపిరి తీయలేడు, ఊపిరి తీస్తున్నంతసేపు మాట్లాడలేడు. ఒకదాన్ని ఇంకొకదానిలో హోమం చేస్తూ ఉండటాన్ని ప్రతర్దనుడి పేరు మీద ఆంతర అగ్నిహోత్రం అంది. వాకీటాకీ మీట మీద వేలు పెట్టి అలవాటైనవాళ్లకు ఈ హోమం వేరే వివరించనక్కర్లేదు.

రిపీటర్‌కు వచ్చే చిక్కు అంకెల్లో బాగా తెలుస్తుంది. ట్రాన్స్‌మిటర్ పలికేది 50 వాట్లతో. పక్కనే ఉన్న రిసీవర్ పట్టుకోవలసిన సిగ్నల్ 0.2 మైక్రోవోల్టు. రెండింటి మధ్య తేడా దాదాపు 168 డెసిబెల్లు, అంటే సుమారు ఆరు వందల కోట్ల కోట్ల రెట్లు. వాటిని వేరుచేసే ఎడం చూస్తే 600 కిలోహెర్ట్జ్ మాత్రమే, పలికే ఫ్రీక్వెన్సీలో అర శాతం కూడా కాదు. తన అరుపుకే తన చెవి గింగురుమని దూరపు గొంతు వినబడకుండా పోవడాన్ని హామ్‌లు డీసెన్స్ అంటారు.

ఈ చెవుడు రెండు దారుల్లో వస్తుంది. 145.600 మీది బలమైన కేరియర్ రిసీవర్‌ను ముంచెత్తడం ఒకటి. దీన్ని వినేవైపే ఆపవచ్చు: రిసీవర్ ముందున్న కేవిటీలు ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర లోతైన గుంట, అంటే నాచ్, పడేలా ట్యూన్ అయితే చాలు. రెండోది అంత తేలిగ్గా లొంగేది కాదు. ఏ ట్రాన్స్‌మిటరూ తన ఫ్రీక్వెన్సీ ఒక్కదాని మీదే పలకదు, చుట్టుపక్కల సన్నని హోరును కూడా చల్లుతుంది. అందులో కొంత సరిగ్గా 145.000 మీద, వినవలసిన గొంతు మీదే, పడుతుంది. రిసీవర్ ముందు ఎంత మంచి ఫిల్టర్ పెట్టినా దాన్ని తీయలేదు, తీస్తే గొంతు కూడా పోతుంది. పుట్టినచోటే ఆపాలి. అందుకని ట్రాన్స్‌మిటర్ వైపు కేవిటీలకు నాచ్‌ను 145.000 దగ్గర పెడతారు.

యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పిన శ్రవణం, మననం, నిదిధ్యాసనం మొదలు శమదమాల దాకా, వినడం గురించి వేదాంతం చెప్పినదాంట్లో బరువు ఎక్కువగా వినేవాడి మీదే. మాట్లాడేవాడు ఆపుకుంటే తప్ప తీరని చెవుడు ఒకటుందని డూప్లెక్సర్ చూపిస్తుంది. ఆపుకోవలసింది మాటను కాదు, మాట వెంట తెలియకుండా పారే హోరును. గీత పదిహేడో అధ్యాయంలోని పంపకం ఇక్కడ గమనించదగ్గది. వాక్తపస్సు కింద మౌనం లేదు, మాట ఎలా ఉండాలో ఉంది. మౌనాన్ని తీసుకెళ్లి మానస తపస్సులో చేర్చింది. నోరు ఆడుతుండగానే ఉండగల మౌనం అన్నమాట.

దాన్ని లోహంలో సాధించడం ఓపికతో కూడిన పని. ఒక్కో కేవిటీ అర మీటరు పైచిలుకు ఎత్తున్న లోహపు డొల్ల, ఎందుకంటే 145 మెగాహెర్ట్జ్ తరంగంలో పావు వంతు సుమారు 52 సెంటీమీటర్లు. ఈ బ్యాండ్‌కు సాధారణంగా మూడు అటు, మూడు ఇటు. పైనుంచి లోపలికి దిగే ట్యూనింగ్ కడ్డీని మంచి కేవిటీల్లో ఇన్వార్‌తో చేస్తారు. శాస్త్రవేత్త గియోమ్ 1896లో కనుగొన్న ఈ నికెల్ ఉక్కు వేడికి సాగదనే చెప్పాలి. కొండ మీది రేకుల షెడ్డు మధ్యాహ్నం ఎలా కాగుతుందో తెలిసినవాళ్లకు దాని విలువ తెలుస్తుంది. ముందు దాటనివ్వాల్సిన ఫ్రీక్వెన్సీకి కడ్డీని సరిచేస్తారు, తర్వాత నాచ్‌ను. నాచ్ కదిపితే మొదటిది కాస్త జరుగుతుంది, మళ్లీ వెనక్కి వెళ్లాలి. ఖాళీగా ఉన్న పోర్టుకు 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ తగిలించకపోతే కొలిచే పరికరం తెర మీద చూసే గీతే అబద్ధం. అలా కొలిచే చవకైన పరికరం నానోవీఎన్ఏ 70 డెసిబెల్ల లోతు దగ్గరే తన సొంత హోరులో మునిగిపోతుంది, కాబట్టి ఆరింటినీ కలిపి కాక ఒక్కోదాన్నీ విడిగా చూసుకోవడం మేలు. అంతా కుదిరాక లాక్‌నట్ బిగిస్తే నాచ్ మళ్లీ పక్కకు జరుగుతుంది. కొత్తవాళ్లకు ఏడుపొచ్చేది ఇక్కడే. ఇన్ని చేసినా కేవిటీలు తమ వాటా తీసుకుంటాయి: 1.5 డెసిబెల్ల నష్టం అంటే 50 వాట్లలో యాంటెన్నాకు చేరేది 35.

రిపీటర్‌ను చూపించి నైయాయికుణ్ణి ఓడించడం కుదరదు. దానిలో జ్ఞానం ఏదీ పుట్టడం లేదని, రెండు జ్ఞానాల తగాదాయే లేదని అతను అంటాడు, సబబే. రిపీటర్ విన్నదాన్నే పలుకుతుంది. తనదంటూ చెప్పేది అప్పుడప్పుడు మోర్స్‌లో కాల్‌సైన్ ఒక్కటే. మననం దాని పని కాదు.

చివరి పరీక్షకు మీటర్లు పెద్దగా అక్కరకు రావు. అరకొరగా వినబడే సిగ్నల్ ఒకదాన్ని రిసీవర్‌కు అందించి, స్పీకర్ దగ్గర చెవి పెట్టి, ట్రాన్స్‌మిటర్‌ను ఆన్ చేస్తారు. హోరు పెరిగితే వదులైన కనెక్టరో, ఒకే పొర అల్లిక ఉన్న కేబులో, టవర్ మీద తుప్పుపట్టిన బోల్టో వెతకాలి. పెరగకపోతే ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేసి, ఇంకోసారి వింటారు.