అడుగ నేర్చిన విద్యార్థిని

(చదువవలసిన భాగము: అపొ. కార్యములు 22:22–29)



రాజకీయములు లోకసంబంధమైనవి, విశ్వాసికి, ముఖ్యముగా ఆడపిల్లకు, వాటితో నేమి పనియని మన సంఘములలో కొందరు పెద్దలు అడుగుచుందురు. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. ఎన్నికలు వచ్చినప్పుడు ఊరు రెండుగా చీలుటయు, సారాయి పారుటయు మనమెరుగుదుము. ఆ బురద బిడ్డలకు అంటునేమో యని పెద్దల భయము.

అయితే పౌలు ఏమి చేసెను? కొరడాలతో కొట్టుటకు తన్ను కట్టిన గడియలో, శిక్ష విధింపబడని రోమా పౌరుని కొట్టుట న్యాయమాయని శతాధిపతిని అడిగెను. పరలోక పౌరత్వమును గూర్చి వ్రాసిన ఆ అపొస్తలుడే (ఫిలిప్పీ 3:20) తన ఇహలోక పౌరత్వమును దాచిపెట్టలేదు.

అట్టి ప్రశ్నయే అమెరికాలో ఒక విద్యార్థిని అడిగెను. ఆమె పేరు డయాన్ నాష్. 1959లో ఆమె నాష్‌విల్ పట్టణమందలి ఫిస్క్ విశ్వవిద్యాలయమునకు వచ్చెను. అక్కడి అంగళ్లలో నల్లజాతివారు సరుకులు కొనవచ్చును గాని భోజనపు బల్లయొద్ద కూర్చుండరాదు. ఒక మెథడిస్టు గుడిలో జేమ్స్ లాసన్ అను బోధకుడు విద్యార్థులకు తరగతులు జరుపుచుండెను. ఈయన అంతకుముందు మన దేశమున నాగపూరు హిస్లాప్ కళాశాలలో మిషనరీగా పనిచేసి, గాంధీగారి సత్యాగ్రహ మార్గమును అభ్యసించినవాడు. ఆ తరగతులలో విద్యార్థులు తిట్లు పడుట, త్రోపులు తినుట, తిరిగి చేయి ఎత్తకుండుట సాధన చేసిరి. త్వరలోనే డయాన్ వారికి నాయకురాలాయెను.

1960 ఏప్రిల్ 19న వారి న్యాయవాది యింటిపై బాంబు పడెను. ఆ దినముననే వేలమంది మౌనముగా పురపాలక భవనమునకు నడచిరి. ఇరువదియొక్క యేండ్ల ఆ యువతి మేయరును దూషింపలేదు. రంగునుబట్టి మనిషిని తక్కువ చేయుట తప్పని మీకు తోచదాయని అడిగెను. తప్పేయని ఆయన ఒప్పుకొనెను. మే 10న ఆరు అంగళ్లలో ఆ బల్లలు అందరికిని తెరువబడెను.

పిమ్మట మిసిసిపీ రాష్ట్రమున యౌవనులకు ఇదే పాఠము నేర్పినందుకు, పిల్లలను చెడగొట్టుచున్నదని ఆమెపై నేరము మోపిరి. 1962లో గర్భవతియై యుండియు ఆమె పారిపోక న్యాయస్థానమునకు వచ్చి, 10 దినములు జైలులో నుండెను. ఆమెయు తోటివారును తలపెట్టిన ఓటు ప్రయత్నము సెల్మా ఉద్యమమునకు దారితీసెను. 1965లో ఓటు హక్కుల చట్టము వచ్చెను.

ఆమె ఒక పార్టీకి మనుష్యులను ప్రోగుచేయలేదు, మనస్సాక్షిని మేల్కొలిపెను. ఇతరులకు నేర్పిన పాఠమునకు తానే వెల చెల్లించెను.

మన చదువుకొన్న బిడ్డలు 18 ఏండ్లు నిండినవారి పేర్లు పట్టికలో నున్నవో లేవో చూడవచ్చును. ఓటు రహస్యమని ముసలివారికి ధైర్యము చెప్పవచ్చును. ఓటుకు డబ్బు పుచ్చుకొనుట నేరమని తెలుపవచ్చును. ఇది పొరుగువానిని ప్రేమించుటలో భాగమే. కాని ఏ గుర్తుకు ఓటు వేయవలెనో శాసించు అధికారము ఆ బిడ్డకు లేదు, సంఘ పెద్దకు లేదు, పాస్టరుకును లేదు. గుడికి ప్రహరీ కట్టించెదనను అభ్యర్థికి సంఘపు ఓట్లన్నియు మూటగట్టి యిచ్చుట, దేవుడు ఒక్కొక్కరికిచ్చిన మనస్సాక్షిని అమ్ముటయే. బురదయనగా ఇదియే, నేర్చుకొనుట కాదు.

కాబట్టి మీ గ్రామమున ఒక బిడ్డ లేచి ఇట్టి సంగతులు నేర్పగోరినయెడల, ఆమెను గద్దింపకుడి. గుడి తలుపు తెరచి, దీపము పెట్టి, మీరును కూర్చుండి వినుడి.