మన్ను మొదలు మాల వరకు

కళింగ దండయాత్రకు తరలిన శ్రీకృష్ణదేవరాయలు విజయవాడలో కొన్ని దినములు విడిసి, పిమ్మట కృష్ణాతీరమందలి శ్రీకాకుళమునకేగి ఆంధ్రమహావిష్ణువును సేవించెను. ఏకాదశి ఉపవాసమున్న ఆ రాత్రి స్వామి కలలో సాక్షాత్కరించి, గోదాదేవి కల్యాణకథను తెలుగున కృతి చేయుమని ఆనతిచ్చినట్లు ఆముక్తమాల్యద పీఠికలో రాయలే తెలిపెను. నేటి కృష్ణా జిల్లా ఘంటసాల మండలమునందున్న ఆ క్షేత్రమును దర్శించు భక్తులకు ఈ వృత్తాంతము క్రొత్తది కాదు. అయితే స్వామి అంతగా ముచ్చటపడిన ఆ కథ ఏ రాజసభలోనో పుట్టలేదు. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తులు స్వహస్తములతో పెంచిన తులసివనమున పుట్టినది. ఆ వనముననే గోదమ్మ వారికి పసిబిడ్డగా లభించెను.

విష్ణుచిత్తుల దృష్టిలో పుష్పకైంకర్యమనగా మాల సమర్పించుట మాత్రమే కాదు. మన్ను త్రవ్వుట, పాదు చేయుట, నీరు పోయుట, కలుపు తీయుట, ఇవన్నియు కైంకర్యములే. శ్రీరంగమున విప్రనారాయణులు చేసినదియు ఇదియే. భగవద్రామానుజుల ఆజ్ఞను శిరసావహించి అనంతాళ్వారులు తిరుమలలో గునపము పట్టి పూదోట వేసినదియు ఇందుకే.

ఒకనాడు స్వామికి కట్టిన మాలలో వెండ్రుక కనిపింపగా విష్ణుచిత్తులు తల్లడిల్లి, ఆ మాలను సమర్పింపక నిలిపివేసిరని పెద్దలు చెప్పుదురు. గోద ధరించి విడిచిన మాలయే తనకు ప్రియమని స్వామి అనుగ్రహించుట తరువాతి మాట. ఒక్క వెండ్రుకకే ఆ మహాత్ముడు అంతగా కలత చెందగా, విషము చల్లిన తులసిని ఏ భక్తుడు స్వామి పాదములకు చేర్పగలడు?

ఈ ప్రశ్న నేటి గృహస్థులకు అవసరమైనది. విజయవాడలో పెరడు తరిగి డాబాలు మిగిలినవి. అయినను కుండీలో తులసి, మందారము, నందివర్ధనము పెంచని వైష్ణవ గృహము అరుదు. మందారమునకు పిండినల్లి పట్టగానే అంగడి నుండి పురుగుమందు తెచ్చి తోటయంతట చల్లుట అలవాటైనది. మరునాటి ఉదయము ఆ కుండీల నడుమ కోసిన తులసియే అర్చనకు, అదియే తీర్థములో పడి ఇంటి పసివాని నాలుకపైకి చేరును. ఒకప్పుడు పొలములలో విరివిగా వాడిన ఎండోసల్ఫానును 2011లో సర్వోన్నత న్యాయస్థానము నిషేధించినది. పొలమునకే తగదనిపించుకొనిన విషముండగా, పూజకు కోయు మొక్కకు విషమెట్లు తగును?

విషము లేకుండ తోట పెంచు ఉపాయములు సులభములే. పిండినల్లిని ముందు నీటిధారతో కడుగవలెను. లొంగనిచో 50 గ్రాముల వేపగింజల పొడిని గుడ్డలో మూటకట్టి లీటరు నీటిలో రాత్రియంతయు నానబెట్టి, పిండి వడగట్టి, కొంచెము కుంకుడు రసము కలిపి చల్లవలెను. సంధ్య దాటిన పిమ్మట తులసి కోయరాదను ఆచారమున్నది గనుక సాయంవేళయే చల్లుటకు అనువైనది. చల్లిన దళములను కొన్నాళ్లు విడిచి, కడిగి వాడవలెను. పురుగుమందు చీడనే గాక, పేనుబంకను తిని మొక్కను కాపాడు అక్షింతల పురుగును, తేనెటీగను కూడ చంపును. వేపకషాయము నిదానముగా పనిచేయును. నాలుగు ఆకులు పురుగుపాలైనను ఓర్చుకొనుట ఈ సేవలో భాగమే.

మొక్క బలమునకు జీవామృతము చాలును. 10 లీటర్ల నీటిలో అరకిలో ఆవుపేడ, అరలీటరు గోమూత్రము, 100 గ్రాముల బెల్లము, 100 గ్రాముల పప్పుపిండి, గుప్పెడు మంచి మన్ను కలిపి, నీడలో 48 గంటలుంచి, దినమునకు రెండుమార్లు కలియబెట్టవలెను. దానికి పదిరెట్లు నీరు చేర్చి మొదళ్లకు పోయవలెను. డెల్టాలోని నల్లరేగడి కుండీలో గట్టిపడును గనుక ఇసుక, ఎరువు కలుపుట మేలు. వేసవిలో మొదళ్లపై ఎండుటాకులు కప్పినచో తేమ నిలుచును. తులసి వెన్నులను త్రుంచినచో ఆకు దట్టమగును. కొన్నింటిని తేనెటీగలకు విడిచిపెట్టుట ధర్మము.

మిగిలినది నిర్మాల్యము. 1855 నాటికి పూర్తియైన ఆనకట్టతోను, దాని స్థానమున 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీతోను ఈ డెల్టా పచ్చబడినది. విజయవాడ నడుమ నుండి సాగు బందరు, ఏలూరు, రైవస్ కాలువల నీరు దిగువ పొలములకు, ఊరి చెరువులకు చేరును. ఆ కాలువలలో పూజాపుష్పములను ప్లాస్టిక్ సంచులతో సహా విసరుట పుణ్యము కాదు; క్రింది ఊరివారి త్రాగునీటికి చేయు అపచారము. తిరుమల తిరుపతి దేవస్థానము 2021 నుండి వాడిన పూలతో అగరువత్తులు చేయించుచున్నది. గృహస్థునకు అంత ఏర్పాటు అక్కరలేదు. దారము, జరీ తీసివేసి, పూలను ఎండుటాకులతో పొరలుగా చిల్లుల కుండలో వేసి, కొద్దిగా మజ్జిగ నీరు చిలికి, అప్పుడప్పుడు కలిపినచో కొన్ని నెలలలో నల్లని ఎరువగును. ఆ ఎరువు మరల తులసి పాదునకే చేరును.

స్వామికి కోసినది స్వామి సేవకే తిరిగివచ్చు ఈ వలయములో ఎవరికిని కీడు లేదు. ఆకో పువ్వో భక్తితో ఇచ్చినచో స్వీకరింతునని గీతాచార్యుడు పలికెను. ఆ భక్తి పళ్లెములో దళముంచునప్పుడు కాక, కుండీలో మన్ను నింపునప్పుడే మొదలు కావలెను.